నన్నే కొయ్యమన్న క్రోటన్ కొమ్మ

ఒకప్పుడు క్రోటన్ మొక్కలన్నీ ఒట్టి ఆకుపచ్చే. నమ్మరు కదూ? కొత్త చిగురు తలెత్తగానే కింది ఆకును చూసి, దాని రంగే పూసుకునేది. అదీ వాటి పద్ధతి.

అచ్చాయమ్మ అనే పెద్దావిడ పెరట్లో మాత్రం ఒక చిగురు దిక్కులు చూసింది. ఎదురుగా పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. అబ్బ, ఏం రంగు! వాటినే చూస్తూ ఆ రంగే పూసేసుకుంది. దానిపైన వచ్చిన ఆకులూ దాన్ని చూసి పసుపయ్యాయి; కొమ్మంతా పసుపే.

అచ్చాయమ్మ చూసి గుండెలు బాదుకుంది. "ఓరి నాయనో! కొమ్మకి పచ్చకామెర్లొచ్చాయి!" అంటూ కత్తి తీసింది.

కొమ్మ కెవ్వుమంది. "అమ్మమ్మా, కొయ్యకు! నాకు రోగం లేదు, పొరపాటంతే!"

ఆవిడ దగ్గరికొచ్చి చూసి నోరెళ్లబెట్టింది. "ఎంత ముద్దుగా ఉన్నావే! నీలాంటివి పెరడంతా పెంచుతాను" అంది. ఆ కొమ్మ గింజలే ఏరి నాటింది.

మొలకలొచ్చాయి. హవ్వ! ఒక్కటీ పసుపు కాదు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎర్రమచ్చలది, ఇంకొకటి వంకాయ రంగు!

"ఇదేం చోద్యమే?" అంది అచ్చాయమ్మ.

"మట్టి చీకట్లో మాకు ఏ ఆకూ కనబడలేదు. తోచిన రంగు పూసుకున్నాం" అన్నాయి మొలకలు.

ఈలోగా చుట్టూ ఉన్న ఆకుపచ్చ కొమ్మలు ఎండంతా తాగి ఏపుగా పెరిగాయి. పసుపు కొమ్మకు అసలే బలం తక్కువ. వాటి నీడలో పడి, ఒక్కో ఆకూ రాల్చేస్తోంది. అది పోతే ఆ రంగు లోకంలోనే ఉండదు. అచ్చాయమ్మకు ఏడుపొచ్చింది.

"అమ్మమ్మా, కత్తి తే. నన్ను కొయ్యి" అంది కొమ్మ.

అచ్చాయమ్మ అదిరిపడింది. "వద్దని అరిచిందానివి నువ్వే కదే!"

"గింజకు నేను కనబడను. నన్నే నాటితే నా చిగురు నన్ను చూస్తుంది. నాకూ భయంగానే ఉంది, త్వరగా కానీ!"

ఆవిడ కోసింది. తడి ఇసుకలో గుచ్చి, రోజూ వచ్చి చూసింది. ఇరవై రోజులకు చిగురు తలెత్తింది. కిందికి చూసింది. పసుపు! అచ్చాయమ్మ ముందు నవ్వింది, తర్వాత బోరున ఏడ్చింది.

అప్పటినుంచే క్రోటన్ చిగుళ్లు అప్పుడప్పుడూ దిక్కులు చూసి కొత్త రంగు తెచ్చుకుంటాయి. గింజ నాటితే ఏ రంగొస్తుందో ఎవరూ చెప్పలేరు. మెచ్చిన రంగు నిలవాలంటే మాత్రం, ఎంత ముద్దొచ్చినా ఆ కొమ్మనే కొయ్యాలి.