మెల్లం వారింట ఫ్రెంచి వారం

యానాంలో మెల్లం వారిల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. కాకపోతే నవ్వుతూ చూపిస్తారు. ఆ నవ్వు గౌరవమని ఆ ఇంటి కోడలు నూకరత్నం నమ్మకం.

"మనకున్న తెలివి ఊళ్ళో ఎవరికుందండీ? చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మిగతా వాళ్ళు సగం విని, సగం సొంతంగా కల్పించుకుని చెడిపోతారు," అనేది మొగుడితో. ఇడ్లీ కొట్టు నడిపే కన్నారావు అవునని తలూపేవాడు. అత్తగారు పైడమ్మ, మరిది బుల్లియ్య కూడా ఊపేవాళ్ళు. ఆ ఇంట్లో ఒక తల ఊగితే అన్నీ ఊగుతాయి.

ఆ ఏడాది వాళ్ళమ్మాయి దేవకి ఒకటో తరగతిలో చేరింది. బడిలో కొత్తగా ఫ్రెంచి క్లాసు పెట్టారు. ఫిలోమినా టీచరు తల్లులందర్నీ పిలిచి, "ఈ వారమంతా నేర్పుతాను. శనివారం హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి చూస్తారు. బాగా చెప్పిన పిల్లలకే ఈ క్లాసులో చోటు. ఇంట్లో మీరూ నేను చెప్పినట్టు చేయండి," అంది.

చెప్పినట్టు చేయడమే కదా, కూతురికి చోటు వచ్చేసినట్టే అనుకుంది నూకరత్నం. దారిలో కనపడిన వాళ్ళందరికీ, మా దేవకి ఫ్రెంచి చదువుతోందని చెప్పేసింది కూడా. ఇక ఆ చోటు పోతే వీధిలో తలెత్తుకోలేదు.

సోమవారం పాఠం 'బొంజూర్'. "మన నమస్కారం లాంటిదే. ఎవరు మీకు బొంజూర్ అన్నా, మీరూ తిరిగి అనాలి. అనకుండా పోతే మర్యాద కాదు," అని చెప్పింది టీచరు.

సాయంత్రం దేవకి ఇంటికొచ్చి ఆ పాఠం అందరికీ అప్పజెప్పింది. కాసేపటికి గుమ్మంలో పైడమ్మ ఎదురై "బొంజూర్" అంది. నూకరత్నం "బొంజూర్" అంది. కోడలు అన్నాక తిరిగి అనకపోతే ఎలా? పైడమ్మ మళ్ళీ అంది. అత్తగారు అన్నాక ఊరుకుంటే ఎలా? నూకరత్నం మళ్ళీ అంది. అంతే. పొయ్యి మీద పప్పు మాడింది. కొట్టు కట్టేసి వచ్చిన కన్నారావు సంగతేంటో చూద్దామని, ఇద్దరికీ చెరో బొంజూర్ పెట్టాడు. ఇంకేముంది, ఇద్దరి మధ్య నడుస్తున్నది ముగ్గురి మధ్య నడిచింది. చివరికి పైడమ్మ గొంతు పోబట్టి ఆ ఇల్లు అన్నం తింది.

"ఆపింది అత్తయ్య, నేను కాదు," అంది నూకరత్నం గర్వంగా.

మంగళవారం టీచరు కాగితం ముక్కల మీద వస్తువుల ఫ్రెంచి పేర్లు రాసి పంపింది. "ఇంట్లో అతికించండి, చిరగనివ్వకండి" అని చెప్పించింది. 'లా పోర్త్' అంటే తలుపు. రెండు రెక్కలకీ సమానంగా ఉండాలని బుల్లియ్య తలుపులు మూసి, గంజి రాసి, సరిగ్గా నడిమధ్యన అతికించాడు. తెల్లారి కన్నారావు కొట్టుకి బయల్దేరాడు.

"తలుపు తీస్తే కాగితం చిరుగుతుందండీ," అంది నూకరత్నం.

"మరి ఇడ్లీలెలా వెళ్తాయి?"

"కిటికీ ఉందిగా."

కిటికీ రెక్కల మధ్యన 'లా ఫెనెత్ర్' అని రాత్రే అతికించేశారు.

అంతే. బుల్లియ్య దూలమెక్కి పెంకులు తీశాడు. ఇడ్లీ గిన్నె, చట్నీ గిన్నె, దేవకి, దేవకి సంచి వరసగా ఇంటి కప్పులోంచి బయటికెళ్ళాయి. పైడమ్మని తాడు కట్టి దింపారు.

"పెంకులకి కాగితం పంపలేదు చూడు, టీచరుకి ఎంత ముందుచూపో," అంది ఆవిడ గాల్లో ఊగుతూ, బొంగురు గొంతుతో.

బుధవారం అంకెలు. అన్, దో, త్రువా, కాత్ర్. నాలుగు దాకా చెప్పి, "ఇంట్లో వచ్చినవాటితోనే లెక్కపెట్టండి. రానివాటి జోలికి పోకండి," అంది టీచరు.

ఆ సాయంత్రం కొట్టు దగ్గర ఒకాయన ఆరు ఇడ్లీ కట్టమన్నాడు.

"ఆరు ఇంకా రాలేదండి. నాలుగు దాకా ఉంది," అన్నాడు కన్నారావు.

"ఎదురుగా గిన్నె నిండా ఉన్నాయి కదయ్యా."

"ఉన్నాయండి. లెక్కలోకి రాలేదు."

ఆయన గడుసువాడు. నాలుగు కట్టించుకుని అవతలికెళ్ళి, మళ్ళీ వచ్చి రెండడిగాడు. కన్నారావు ఇంకా గడుసువాడు. "మీకు ఇందాకే నాలుగు నిండిపోయాయండి. ఇవి కూడా ఇస్తే, అవీ ఇవీ కలిసి రాని అంకెలోకి పోతాయి," అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర నూకరత్నం కంచాలు లెక్కపెట్టింది. అత్తయ్య అన్, మొగుడు దో, దేవకి త్రువా, తను కాత్ర్.

"నాకేది వదినా?" అన్నాడు బుల్లియ్య.

"నువ్వింకా రాలేదు మరిదీ. రేపు ఐదు చెప్తారు, అప్పుడు కూర్చుందువుగాని."

గురువారం టీచరు ఐదు చెప్పలేదు, రంగులు చెప్పింది. బుల్లియ్య కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. "రేపు పిల్లలంతా నీలం రంగులో రావాలట," అని దేవకి చెప్పింది.

"బట్టలని అందా, పిల్లలని అందా?" అని అడిగింది నూకరత్నం.

"పిల్లలనే అంది."

ఇంకేముంది, బట్టలకి పెట్టే నీలిమందు ఉన్నదంతా బకెట్లో కలిపి, దేవకిని ముంచి తీశారు. శుక్రవారం క్లాసులో అందరూ నీలం గౌన్లూ నీలం చొక్కాలూ వేసుకొచ్చారు. దేవకి ఒక్కతే తెల్ల గౌనులో నీలంగా కూర్చుంది. మిగతా తల్లులకి మాట సరిగ్గా వినపడలేదు కాబోలని నూకరత్నం జాలిపడింది.

టీచరు దేవకిని ఎగాదిగా చూసి, నూకరత్నాన్ని పక్కకి పిలిచింది. తర్వాత నెమ్మదిగా, "రేపు హెడ్మిస్ట్రెస్ గారొస్తారు కదమ్మా. ఇంటిల్లిపాదీ రండి. కానీ ఈ గదిలో ఎవరూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడొద్దు. మాట్లాడారా, దేవకి చోటు పోయినట్టే," అంది.

శనివారం కొట్టు మూసి అందరూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నూకరత్నం పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. హెడ్మిస్ట్రెస్ గారు తలుపు చూపించింది, దేవకి చెప్పింది. కిటికీ చూపించింది, చెప్పింది. గౌను చూపిస్తే తెలుపుకి ఫ్రెంచి పేరు చెప్పి, అడక్కుండానే తన చెంప చూపించి నీలం పేరు కూడా చెప్పింది. హెడ్మిస్ట్రెస్ గారు నవ్వి, బోర్డు మీద దేవకి పేరు రాసి వెళ్ళిపోయింది. నూకరత్నం కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చోటు దక్కింది.

గంట కొట్టారు. పిల్లలూ తల్లులూ వెళ్ళిపోయారు. మెల్లం వారు కదల్లేదు.

కదలడం ఎలా? ఎవరింటికెళ్ళినా 'వెళ్ళొస్తాం' అనకుండా లేవడం వాళ్ళ వంశంలో లేదు. తెలుగులో అంటే చోటు పోతుంది. ఫ్రెంచిలో అందామంటే, బోర్డు మీద టీచరే రాసిపెట్టింది: సోమవారం పాఠం, సెలవు తీసుకోవడం. సోమవారం దాకా కూర్చుంటే సరి.

గదికి తాళం వేద్దామని టీచరు వచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? దేవకికి చోటు వచ్చిందిగా, ఇంటికి వెళ్ళండి."

టీచరు తెలుగు మాట్లాడేసింది. ఆవిడ చోటు ఎక్కడ పోతుందోనని నూకరత్నం కంగారుపడి, నోటి మీద వేలేసుకుని సైగ చేసింది. ఇంకో చేత్తో బోర్డు చూపించింది.

టీచరు బోర్డు చూసింది. బెంచీలో బుద్ధిగా చేతులు కట్టుకున్న ఆ ఇంటిల్లిపాదినీ చూసింది. తల పట్టుకుని, తాళం బల్ల మీద పెట్టేసి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది.

పాపం, ఆవిడకీ ఆ మాట సోమవారమే వస్తుంది కాబోలు అనుకుంది నూకరత్నం. రానప్పుడు అలా మర్యాద తప్పి పోయే బదులు తమతోపాటు ఇక్కడే కూర్చోవచ్చుగా. మనసు మార్చుకుని తిరిగొస్తే ఇబ్బంది పడకూడదని, బెంచీ మీద కాస్త పక్కకి జరిగింది.