వంతెన మీద సూరమ్మ

అనగా అనగా, ముత్యాలేరు అనే ఏటి మీద రాతి వంతెన కట్టించిన ఒక రాజు ఉండేవాడట. ఆ రాళ్ళు మోసింది ఏటికి అవతల ఉండే తోళ్ళ పనివాళ్ళు. వంతెన పూర్తికాగానే రాజు చాటింపు వేయించాడు.

"తోళ్ళు ముట్టినవాళ్ళు వంతెన తొక్కరాదు. ఏట్లో దిగి రావాలి."

ఆ ఏడు వానలు ఎడతెగకుండా కురిశాయి. జ్వరంతో ఉన్న భార్యకు మందు తేవాలని ఆ తోళ్ళవాళ్ళ వాడలో ఉండే సూరమ్మ కొడుకు ఓబులు ఏట్లో దిగాడు. వరదలో కొట్టుకుపోయాడు. వంతెన మీది భటులు చూస్తూ నిలబడ్డారు.

కర్మకాండ అయ్యాక సూరమ్మ నేరుగా వెళ్ళి వంతెన మీద కాలు పెట్టింది. కొండప్ప అనే భటుడు కర్ర అడ్డం పెట్టాడు.

"ఏయ్ ముసలీ, దిగు!"

"దిగను నాయనా. నీ మీద చెయ్యెత్తను, వెనక్కీ పోను."

కొండప్ప కొట్టాడు. ఆమె పడిపోయింది. మళ్ళీ లేచి అక్కడే నిలబడింది. చివరికి స్పృహ తప్పితే వాడవాళ్ళు మోసుకుపోయారు.

రెండోసారి వాడంతా ఆమె వెంట కదిలింది. మరిది పోలయ్య కండువాలో రాళ్ళు మూటగట్టుకున్నాడు. సూరమ్మ అది చూసింది.

"ఏట్లో పారెయ్యి పోలయ్యా."

"వదినా! నీ కొడుకు మునిగిపోతుంటే వాళ్ళు చోద్యం చూశారు. వాళ్ళ మీద జాలా?"

"ఓబులు శవం దొరికిన రోజు నేనెలా ఏడ్చానో విన్నావు కదా. ఆ కొండప్పకీ తల్లి ఉంది. అలాంటి ఏడుపు నా వల్ల ఇంకో ఇంట్లో వినిపించకూడదు. అలాగని వంతెన వదులుకుంటానా? వదులుకోను."

పోలయ్య పళ్ళు కొరుకుతూ రాళ్ళు ఏట్లో పోశాడు. ఆ రోజు భటులు అందరినీ చితకబాదారు. ఒక ముసలాయనకు కన్ను పోయింది. పోలయ్య చెయ్యి విరిగింది. ఎవరూ తిరిగి కొట్టలేదు. కానీ ఇళ్ళకు చేరాక చాలామంది, "ఇంక మావల్ల కాదమ్మా" అన్నారు. సూరమ్మ వాళ్ళను తప్పు పట్టలేదు.

కొండప్పకు మాత్రం అన్నం సయించడం మానేసింది. కళ్ళు మూసుకుంటే, దెబ్బ తింటూ కూడా తనను "నాయనా" అని పిలిచిన ముఖమే కనబడేది.

మూడోసారి సూరమ్మ వెంట కొద్దిమందే వచ్చారు. రాజు ఈసారి సేనాపతినే పంపాడు.

"కొట్టరా కొండప్పా! లేవకుండా కొట్టు!"

కొండప్ప ఆమె ముఖం చూశాడు. కర్ర కింద పడేశాడు.

"నావల్ల కాదు దొరా."

సేనాపతి తానే ఆ కర్ర అందుకున్నాడు. ఒకే దెబ్బ. సూరమ్మ మళ్ళీ లేవలేదు.

వానలో కొండప్ప వంగి ఆమెను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. వంతెన మీదుగా నడవడం మొదలుపెట్టాడు. సేనాపతి అరిచాడు. భటులు ఒక్కొక్కరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. వాడవాళ్ళు ఆ శవం వెనక ఏడుస్తూ, మొదటిసారి వంతెన దాటారు.

రాజు మనసు మారిందో లేదో తెలియదు. వాళ్ళను ఆపడానికి కర్ర పట్టే భటుడు మాత్రం ఆ తర్వాత ఒక్కడూ దొరకలేదు. చాటింపు దానంతటదే చచ్చిపోయింది. వాడలో ఎవరూ పండగ చేసుకోలేదు.

దహనం అయ్యాక కొండప్ప పోలయ్య ఇంటి ముందు బురదలో కూలబడ్డాడు. తలెత్తలేదు.

"కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాడు.

పోలయ్య తన విరిగిన చేతిని చూసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, మంచి చేత్తో చెంబు తెచ్చి అతనికి అందించాడు. ఇద్దరూ ఏడ్చారు.

పిల్లలూ, అన్యాయం ముందు చెయ్యెత్తకుండా, వెనకడుగు వేయకుండా నిలబడాలంటే కత్తి పట్టినవాడి కన్నా ఎక్కువ ధైర్యం కావాలి.