జాడీలదిబ్బలో వీపు చూపే అమ్మ

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మడ అడవికి ఇవతల, ఎత్తైన ఇసుకదిబ్బ మీద ఉన్నది ఈ గుడి. తాటాకు పందిరి దాటి లోపలికి వచ్చిన భక్తునికి మొదట కనిపించేది అమ్మవారి వీపు. మొహం చూద్దామంటే అటు వెళ్ళడానికి దారి లేదు. దిబ్బ అంచు, దాని కింద సముద్రం. అమ్మ పక్కన వరుసగా ఏడు పింగాణీ జాడీలు ఉంటాయి. ఏడూ ఖాళీవే. దేవత వీపు చూపిందని నొచ్చుకుని, కథ వినకుండానే వెనుదిరిగేవారు ఏటా కొందరు ఉంటారు. ఈ ఊళ్ళో ఏ ఇంటా ఆవకాయ జాడీలో పెట్టరు, మట్టికుండలోనే పెడతారు. దానికి కారణమూ ఈ కథలోనే ఉన్నది.

పూర్వం ఇక్కడ ఓడలు కట్టేవారు. తుపానుకు దెబ్బతిన్న తూర్పుదేశపు ఓడ ఒకటి రేవుకు చేరితే, దాని మరమ్మతు కోసం ఏడుగురు చీనా వడ్రంగులు దిగారు. వాళ్ళ పనితనం చూసిన ఇక్కడి ఓడల షావుకారు ఇంకొక్క ఓడ, ఇంకొక్క ఓడ అంటూ ఏళ్ళ తరబడి నిలిపేశాడు. అన్నం దొరికిన చోటే ఊరు అనుకోవడం మనకు తేలిక. వాళ్ళు మాత్రం ఆ అన్నం తినే ప్రతి పూటా తూర్పుకు తిరిగి కూర్చునేవారు.

వాళ్ళకొక నియమం ఉండేది. తమలో ఒకడు పోతే దిబ్బలో పాతిపెట్టి, ఏడేళ్ళకు తవ్వి, ఎముకలు ఒక్కొక్కటీ కడిగి, నీడన ఆరబెట్టి జాడీలో పేర్చేవారు. కాళ్ళ ఎముకలు అడుగున, కపాలం పైన, మనిషి కూర్చున్నట్టే. స్వదేశం వెళ్ళే ఓడ దొరికినప్పుడు ఆ జాడీని ఎక్కించి, సొంత ఊళ్ళో తాతతండ్రుల పక్కన పూడ్పించాలి. అంతవరకు అతడు చనిపోయినవాడు కాడు, ప్రయాణంలో ఉన్నవాడు.

అలా ఏళ్ళు గడిచేకొద్దీ ఆరుగురు పోయారు. లౌంగ్ క్వాన్ ఒక్కడు మిగిలాడు. ఊరు అతన్ని చీనా మేస్త్రి అనేది. ఈలోగా రేవుకు ఇసుక మేట వేసి ఓడలు రావడం మానేశాయి. ఆరు జాడీలు నిండి, తన కోసం కొని ఉంచుకున్న ఏడవది ఖాళీగా, దిబ్బ మీద ఎదురుచూస్తూ ఉండేవి.

దిబ్బ పక్కనే అచ్చియమ్మ గుడిసె. ఆమె భర్త పోలయ్య, చీనా మేస్త్రి కట్టిన పడవలోనే వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. గంగలో కలపడానికి చిటికెడు ఎముక కూడా ఆమెకు దక్కలేదు. మేస్త్రి ఆమెను తోబుట్టువులా చూసుకున్నాడు. గుడిసెకు దూలం వేశాడు, కూతురికి కొయ్యబొమ్మలు చెక్కి ఇచ్చాడు. ఆమె అతనికి ఇంత వండి పెట్టేది. కాని ఆ జాడీలు కంటబడినప్పుడల్లా ఆమె చూడలేక మొహం తిప్పుకునేది. ఎముకలు ఉండి కూడా గంగ ముట్టని ఆ ఆరుగురూ గతుల్లేక అల్లాడుతున్నారని ఆమె నమ్మకం.

ఒక వేసవిలో మేస్త్రికి జ్వరం తగిలి పది రోజులు ఒళ్ళు తెలియలేదు. ఇక దక్కడనే అందరూ అనుకున్నారు. అప్పుడు అచ్చియమ్మకు పోలయ్య కలలోకి వచ్చి, దాహమంటూ దోసిలి పట్టాడట. కల దేవుడి మాట అని పెద్దలంటారు. మన కోరికే ఒక్కోసారి దేవుడి గొంతు తెచ్చుకుంటుందని ఆ పెద్దలే చెప్పి ఉంటే బాగుండేది. ఆమె అమావాస్య ఉదయం తలస్నానం చేసి, ఉపవాసం ఉండి, ఆరు జాడీలూ పడవకెత్తి సంగమానికి తీసుకుపోయింది. పేరు తెలియని ఆరుగురికీ నువ్వుల నీళ్ళు వదిలి ఎముకలు కలిపేసింది. పోలయ్యకూ ఒక దోసెడు వదిలింది. జాడీలు కడిగి, మూతలు పెట్టి, ఎక్కడివక్కడ సర్దింది. చాలా ఏళ్ళకు ఆనాడు కడుపునిండా అన్నం తిన్నది.

మేస్త్రి బతికాడు. లేచి నిలబడిన వారానికే దూరాన ఉన్న పెద్దరేవులో చీనా వెళ్ళే ఓడ ఆగిందని, జాడీలు ఎక్కించుకోవడానికి ఒప్పుకుందని కబురు వచ్చింది. కొత్త తాడు భుజాన వేసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ దిబ్బ ఎక్కాడు. మొదటి జాడీ ఎత్తగానే తేలికగా లేచి వచ్చింది.

"నేనే కలిపేసేను అన్నయ్యా," అన్నది అచ్చియమ్మ. "నువ్వు దక్కవనుకున్నాను. ఆళ్ళకి దిక్కెవరని... సంగమంలో కలిపేసేను."

అతడు ఆరు మూతలూ తీసి చూశాడు. మూతలు మళ్ళీ పెట్టి, "నువ్వు పుణ్యమే చేశావు చెల్లెమ్మా. నేను బాగున్నప్పుడే నన్నొక్క మాట అడగాల్సింది. వాళ్ళ తల్లులకి ఇప్పుడేం చెప్పను?" అన్నాడు.

ఆమె కాళ్ళ మీద పడింది. తిట్టినా, కొట్టినా ఆమె ప్రాణం కుదుటపడేది. అతడు ఆ రెండూ చేయలేదు. ఆ ఓడా ఎక్కలేదు. వాళ్ళను వదిలేసి ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని మాత్రం అన్నాడు.

చాలా రోజుల తరువాత ఆమె, దీనికి ప్రాయశ్చిత్తం ఏమిటని అడిగింది. ఎముకలు ఎలాగూ పోయాయి, మనుషులనైనా పోనివ్వవద్దని చెప్పి, అతడు ఆమెకు వాళ్ళను నేర్పాడు. చాన్ ఫూక్, తల్లికి ఒక్కడే కొడుకు, కలరాతో పోయాడు. వోంగ్ లామ్ దూలం జారి మీద పడి పోయాడు. హో సింగ్‌ను పాము కరిచింది. అతని ఊరి ముందర రెండు లీచీ చెట్లు. లీ బింగ్, తామ్ యావ్ అక్కచెల్లెళ్ళ బిడ్డలు, ఒకే తుపానులో పోయారు. మాక్ హోయ్ ఏ రోగమూ లేకుండా, ఇంటి మీద బెంగతో పోయాడు. అక్షరం ముక్క రాని అచ్చియమ్మ వలలు బాగుచేస్తూ రోజూ అప్పజెప్పుకునేది.

కొన్నేళ్ళకు మేస్త్రికి కాలం దగ్గరపడింది. ఈసారి ఆమె అడిగింది. "నిన్ను జాడీలో పెట్టమంటావా అన్నయ్యా? ఓడ కోసం చూస్తాను."

"వద్దు. వాళ్ళున్న చోటికే పంపించు. ఒక్కణ్ణీ ఇంటికెళ్తే బాగుండదు," అన్నాడు మేస్త్రి. అతడు పోయాక పాతిపెట్టి, ఏడేళ్ళు ఆగి, తన చేతులతో ఎముకలు కడిగి, ఆమె మళ్ళీ సంగమానికి పడవ వేసుకుని వెళ్ళింది. ఆనాడు ఆమెకు అన్నం సహించలేదు.

అచ్చియమ్మ అవసానదశలో కూతురు వచ్చి, "నిన్నేం చెయ్యమంటావే అమ్మా?" అని అడిగింది.

"నన్ను గంగలో కలపొద్దే. దిబ్బ మీద తూరుపు మొహంగా పాతెయ్యండి. ఎప్పటికైనా ఆళ్ళ వోళ్ళు ఓడేసుకుని వత్తారు. మావోళ్ళేరీ అని అడుగుతారు. సెప్పడానికి ఒకరుండాల గదా."

"మరి నీ గతేంటే?"

"ముందు ఆళ్ళకి జవాబు సెప్పనీ."

గంగలో కలవనిదే గతి లేదని నమ్మిన మనిషి అలా గతి వదులుకున్నది. పాతిపెట్టిన చోట నిలిపిన రాయే నేటి అమ్మవారు.

నేటికీ ఉగాది వెళ్ళిన తొలి ఆదివారం దిబ్బ మీది గడ్డి పీకి, ఏడు జాడీలూ కడుగుతారు. అచ్చియమ్మ వంశపు ఆడపడుచు ఏడుగురి పేర్లు, వాళ్ళెలా పోయారో చెబుతుంటే, భక్తులు వెంట పలుకుతారు. తమ మొక్కు చెప్పుకోవడం ఆ తరువాతే. అస్థికలతో వచ్చిన వారిని పడవవాడు, "పోయినోళ్ళని బతికుండగా అడిగేరాండీ?" అని అడగనిదే తెడ్డు పట్టడు. దూరదేశం వెళ్ళి జాడ తెలియకుండా పోయిన వారి ఇంటివాళ్ళు ఇక్కడ ఒక పూట కూర్చుంటే కబురు అందుతుందని నమ్మకం. అది మంచి కబురే అవుతుందని అమ్మ ఎవరికీ మాట ఇవ్వలేదు.

అమ్మను ఇటు తిప్పి ప్రతిష్ఠిస్తామని, మంటపం కట్టిస్తామని దాతలు అప్పుడప్పుడు వస్తుంటారు. ఊరు ఒప్పుకోదు. ఓడ ఇంకా రాలేదు.