నిండు మీసం రాజ్యం, బోడి మూతి రాజ్యం

"నా తుపాకి ఒక్కసారి దగ్గిందంటే చుట్టుపక్కల రాజ్యాల్లో పులులన్నీ పిల్లల్ని చంకనేసుకుని పారిపోతాయి" అని ఏటిఒడ్డు ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు పోలినాయుడు. ఇంట్లో గోడమీద బల్లి కనబడితే మాత్రం పెళ్ళాం వెనక్కి వెళ్ళి నిలబడేవాడు.

ఆ తుపాకి వాళ్ళ తాతది. దాన్ని రోజూ నూనె గుడ్డతో తుడిచేవాడు. సంతలో వంకాయలు బేరమాడడానికి వెళ్ళినా అది భుజాన ఉండాల్సిందే.

ఒక ఏడాది ఏరు దారి మార్చుకుని ఆ ఊరి పొలాలన్నీ కోసుకుపోయింది. జనం తలో దిక్కూ వలసపోసాగారు. పోలినాయుడి భార్య నూకాలుకు అప్పుడు ఏడో నెల. ఆమె అతని మేనత్త పైడమ్మకు ఒక్కతే కూతురు. పైడమ్మ కొండ అవతల పల్లెలో ఉండేది.

"ఎక్కడికి పోయినా సరే బావా, పురుడుకు మా అమ్మ రాగలిగిన చోటు చూడు. ఆవిడ పక్కన లేకపోతే నాకు ధైర్యం చాలదు" అంది నూకాలు.

"ధైర్యానికి నేను లేనూ?"

"బల్లి వస్తేనో?"

పోలినాయుడు ఆ మాట విననట్టు తుపాకి భుజాన వేసుకుని రేవుకు బయలుదేరాడు. అక్కడ పడవ దిగిన ప్రతి బాటసారినీ ఒకే ప్రశ్న అడిగాడు: "మీ రాజ్యంలో తుపాకి పట్టుకు తిరగనిస్తారా?" సాయంత్రానికి తీర్పు పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"విను. రాజ్యాలకు మీసాలతో విలువ కట్టాను. నెమలిగుట్టలో ఎవరైనా ఎక్కడికైనా తుపాకి తీసుకుపోవచ్చు. పెళ్ళిపీటల మీదకు కూడా! దానికి నిండు మీసం ఇచ్చాను. సుంకరపాడులో ఇరుగుపొరుగు వచ్చి 'ఇతను కోపిష్టి కాదు' అని పూచీ పడితేగాని ఒప్పుకోరట. దానికి సగం మీసం. పొగడకోటలో అయితే కోట గుమ్మం దగ్గరే తుపాకి అప్పగించాలట. అడవికి పోయేటప్పుడు తిరిగి ఇస్తారట. దానికి బోడి మూతి!"

"సగం మీసానికి పోదాం. పూచీకి మన పక్కింటాయన్ని అడుగు."

"ఆయన మేక మన ఆనపపాదు మేసినప్పుడు నేనన్న మాటలు ఆయనకింకా గుర్తున్నాయే."

"పోనీ, ఆ నిండు మీసం ఊళ్ళో మంత్రసాని ఉందో లేదో అడిగావా? నీళ్ళు తియ్యగా ఉంటాయా? మనుషులెలాంటివాళ్ళు?"

"తుపాకి ఉన్నచోట అన్నీ ఉంటాయే పిచ్చిదానా!" అన్నాడు పోలినాయుడు. వాళ్ళు నెమలిగుట్ట చేరారు.

అక్కడ నిజంగానే ప్రతి భుజానా తుపాకి వేలాడుతూ ఉండేది. పోలినాయుడికి పండగలా ఉంది. అయితే ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఎవరింటికి వెళ్ళినా వాకిలికి దూరంగా నిలబడి, చేతులు పైకెత్తి, పేరూ పనీ కేకవేసి చెప్పాలి. చెప్పకుండా వచ్చినవాణ్ణి దొంగ అనుకుని కాల్చినా తప్పు లేదు.

మొదటిరోజు పొద్దున్నే బయటి నుంచి ఒక గావుకేక వినబడింది.

"నేను పక్కింటి సన్యాసమ్మని! చేతిలో గిన్నె తప్ప ఏమీ లేదు! మజ్జిగ కోసం వచ్చాను!"

నూకాలు పకపకా నవ్వింది. కొన్నాళ్ళకు ఆ నవ్వు పోయింది. కేకలు వేసే ఓపిక లేక ఆడవాళ్ళు ఒకరింటికి ఒకరు పోవడమే మానుకున్నారు. బంతి పక్కవాళ్ళ పెరట్లో పడితే పిల్లలు దాన్ని వదిలేసుకునేవారు. నూకాలు పొద్దస్తమానం గడపలో కూర్చుని ఖాళీ వీధి చూసేది.

"మనిషి మొహం చూడాలన్నా అరవాల్సిందే బావా. పురుటినొప్పులొస్తే ఎవర్ని పిలవను?" అంది ఒకరోజు.

పోలినాయుడు వెంటనే వీధిలోకి నడిచాడు. కొండ దాటిపోతున్న ఉప్పు వర్తకుడితో పైడమ్మకు కబురు పెట్టాడు. "పురుడుకు రావాలి. వాకిలి దాకా రాకముందే పేరు గట్టిగా కేకవెయ్యమని మరీమరీ చెప్పు" అన్నాడు.

ఆ వారమే ఊళ్ళో దొంగలు తిరుగుతున్నారని పుకారు పుట్టింది. ఒకనాడు తెల్లవారేసరికి ఊరంతా మంచు కమ్మేసింది. పోలినాయుడు తుపాకి ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నాడు. మంచులోంచి ఒక ఆకారం నింపాదిగా నడిచివస్తోంది. ముసుగు వేసుకుంది. చేతిలో ఏదో గుండ్రంగా ఉంది.

"ఎవరది? పేరు చెప్పు!"

ఆకారం పలకలేదు. ఆగనూ లేదు.

"చెప్పకపోతే కాలుస్తా!" పోలినాయుడి గొంతు బల్లిని చూసినప్పటిలా కీచుమంది. కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కేశాడు.

టక్‌మంది. అంతే. తుపాకి పేలలేదు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పైడమ్మ నిలబడి ఉంది. తలమీద కంబళి, చేతిలో మూకుడు మూసిన కుండ. "అల్లుడూ, మంచుకి గొంతు పట్టేసింది రా. కేకవేద్దామంటే మాట రావడం లేదు. అమ్మాయికి సున్నుండలు తెచ్చాను" అని గుసగుసలాడింది.

పోలినాయుడు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నూకాలు బయటికి వచ్చి, "అత్త మీద ఇంత ప్రేమ ఉందని ఎప్పుడూ చెప్పలేదేం బావా?" అంది.

మర్నాడే అతను బండి కట్టి భార్యనూ అత్తనూ ఎక్కించాడు. "పొగడకోటకు పోదాం" అన్నాడు.

"బోడి మూతికా!" నూకాలు ముక్కున వేలేసుకుంది.

పొగడకోట గుమ్మం దగ్గర కావలివాడు తుపాకి అందుకున్నాడు. "లోపల మందు ఉంటే ముందే చెప్పు బాబూ. చివరిసారి ఎప్పుడు పేల్చావు?"

పోలినాయుడు నోరు తెరిచేలోపే కావలివాడు గొట్టంలోకి ఇనుప చువ్వ దూర్చి పొడిచాడు. లోపలి నుంచి ఎండిపోయిన కందిరీగల మట్టిగూడు పొడిపొడిగా రాలింది. నూకాలు మొగుడి మొహం చూసింది.

"ఎప్పుడూ పేల్చలేదు" అన్నాడు పోలినాయుడు నేలచూపులు చూస్తూ. "దాని చప్పుడంటే నాకు భయం. ఒక్కసారి కూడా మందు దట్టించలేదు. పులీ లేదు, గిలీ లేదు. కానీ అత్తా... ఆ మంచులో నీ మీదకే మీట నొక్కాను. అది ఖాళీదన్న సంగతి కూడా ఆ క్షణంలో గుర్తులేదు. నా పిరికితనమే నిన్ను బతికించింది. దాంతోనే నిన్ను చంపబోయాను కూడా."

నూకాలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పైడమ్మ మాత్రం కుండలోంచి ఒక సున్నుండ తీసి అల్లుడి నోట్లో కుక్కింది.

"టక్‌మన్నప్పుడే విన్నాను రా. నాకు గొంతు పోయింది గాని, చెవులు పోయాయా? నీ అంతట నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. పద, అమ్మాయి నిలబడలేకపోతోంది."

లోపల మొదటి వీధిలోనే ఎవరో ముసలామె తలుపు తీసుకుని వచ్చి, పేరైనా అడగకుండా నూకాలు చెయ్యి పట్టుకుని తన అరుగుమీద కూర్చోబెట్టింది. పోలినాయుడు సున్నుండ నములుతూనే ఆ రాజ్యానికి మనసులో మీసాలు దిద్దాడు.

భయంతో పట్టుకున్న ఆయుధం మొదట మనవాళ్ళ మీదకే తిరుగుతుంది. మన గడపకు మనిషి జంకు లేకుండా నడిచి రాగలిగిన చోటే మంచి రాజ్యం.