మార్తాండయ్య కొట్టు

కుముదగిరి రాజు రణరంగదేవుడికి ఓ రోజు ఉన్నట్టుండి పౌరుషం వచ్చింది. రాజ్యంలోని లినక్స్ కంప్యూటర్లన్నీ చిన్న సాఫ్ట్‌వేర్ కావాలన్నా పరదేశపు సర్వర్ల ముందు చెయ్యి చాస్తున్నాయట.

"మనకే సొంత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల కొట్టు ఉండాలి. మన కంప్యూటర్లు అందులోంచే తెచ్చుకోవాలి. ఎవరి కొట్టు బాగుంటే వాళ్లే ఆస్థాన ఇంజనీరు. రెండోవాళ్లు ఇంటికి" అన్నాడు.

బరిలో ఉన్నది ఇద్దరే. మాట మాటకీ తలపాగా సవరించుకునే మార్తాండయ్య, ఇంజనీరు అలివేణి.

మార్తాండయ్య మర్నాటికే కొట్టు తెరిచి, రాజ్యంలోని కంప్యూటర్లన్నిటినీ దానికి కలిపేశాడు. అలివేణి పని ఇంకా తెమల్లేదు.

"ప్రతి ప్యాకేజీకీ డిజిటల్ సంతకం చేస్తున్నాను ప్రభూ. సంతకం సరిచూడందే ఏ కంప్యూటరూ దాన్ని లోపలికి రానివ్వదు. ఆలస్యమంతా అక్కడే" అందామె.

"ఆ తనిఖీ సతాయిస్తుంటే నేను ఆపేయించాను" అన్నాడు మార్తాండయ్య. "మన రాజ్యం, మన కొట్టు. మనల్ని మనమే అనుమానించుకుంటామా తల్లీ?"

సభ నవ్వింది. రాజూ నవ్వాడు.

"రేపు తీర్పు. అలివేణీ, నువ్వు సామాను సర్దుకోవడం మొదలుపెట్టు."

మర్నాడు సభ తీరగానే మావటి గురవడు చీపురూ గంపా పట్టుకుని వచ్చి, తిన్నగా మార్తాండయ్య ముందు నిలబడ్డాడు.

"రండయ్యా, పొద్దెక్కుతోంది. లద్దె ఎత్తాలి."

"ఎవరితో మాట్లాడుతున్నావురా?"

"గజశాలకి కొత్తగా వేసిన పనివారితోనండి. పొద్దున అప్‌డేట్‌లో రాజాజ్ఞ వచ్చింది. తెర నిండా మీ పేరే."

రాజు తన కంప్యూటర్ చూసుకున్నాడు. అక్కడా అదే ఆజ్ఞ. మంత్రి తెర మీదా అదే.

"అది నేను పెట్టిన ప్యాకేజీ కాదు ప్రభూ. ఎవరో నా కొట్టులో దూర్చారు" అన్నాడు మార్తాండయ్య.

"మీరు పెట్టినవాటికీ దీనికీ తేడా ఏదో చూపించండి, సరిపోతుంది" అంది అలివేణి.

మార్తాండయ్య కొట్టంతా గాలించాడు. దేని మీదా సంతకం లేదు. తలపాగా జారింది.

"తేడా... తెలియడం లేదు."

అలివేణి గంప అందుకుని అతని చేతికిచ్చింది.

"అయితే ఇది దొంగ ఆజ్ఞ అని తేలేదాకా ఎత్తుతూ ఉండండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "దూర్చింది ఎవరు?"

"నేనే ప్రభూ. ఆ తనిఖీ ఉంటే గుమ్మం దగ్గరే ఆగిపోయేదాన్ని."

రాజు తన వేలి ఉంగరం తీసి ఆమెకిచ్చాడు. "ఆస్థాన ఇంజనీరువి నువ్వే. ఇక ఈ ఆజ్ఞ సంగతంటావా, దొంగదే అయినా సబబుగా ఉంది. ఇలా తే, సంతకం నేను పెడతాను."

సభ విరగబడి నవ్వింది.