కడిగిన లొట్టి

డాక్టర్ కిరీటికి వచ్చిన కష్టం ఏమిటంటే, ఆయన రాసిన మందు పనిచేసింది. రోగికి మాత్రం తగ్గలేదు.

ఇలాంటప్పుడు తప్పు రోగిదే అవుతుంది కదా. కిరీటి కూడా అలాగే అనుకున్నాడు. గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లకు ఇంకోలా అనుకునే అలవాటు తక్కువ.

ఈదులగట్టు ట్రస్టు ఆసుపత్రిలో ఆయన చేరి రెండేళ్లయింది. పొద్దున వార్డు చూసేవాడు. మధ్యాహ్నం ల్యాబులో మొహియుద్దీన్ సారు దగ్గర శిలీంధ్రాల మీద పరిశోధన చేసేవాడు. శిలీంధ్రం అంటే రొట్టె మీద కనపడగానే మనం పారేసే బూజుకు చుట్టం. ఒంట్లో సత్తువ తగ్గినవాళ్ల రక్తంలోకి ఈ చుట్టం వచ్చిందంటే ఒక పట్టాన కదలదు. మొహియుద్దీన్ సారు నలభై ఏళ్లుగా దాని వెంటపడ్డాడు. పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడికొచ్చి ల్యాబు పెట్టాడు. ఇప్పుడు మాత్రం ఎవరేం అడిగినా పాఠం చెప్పడు. పని చెబుతాడు. కిరీటికి ముందున్న శిష్యుడు ఏదో ప్రశ్న వేసిన పాపానికి మూడు రోజులు గాజు పళ్లేలు కడిగి, నాలుగో రోజు వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

రోగి పేరు బుచ్చవ్వ. కల్లు గీసే బాలనర్సు గౌడ్ భార్య. కిడ్నీలు రెండూ పని మానేశాయి కాబట్టి వారానికి రెండుసార్లు డయాలసిస్. చేతి నరాలు పనికిరాక, మెడ పక్కన రక్తనాళంలోకి ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. పెట్టింది కిరీటే. అంతకుముందు పట్నంలో ఇద్దరు డాక్టర్లు ప్రయత్నించి చేతులెత్తేశారు. ఈయన గంటన్నర చెమటోడ్చి, మూడో పోటుకు దించాడు. ఆ గొట్టం ఫొటో ఆయన ఫోన్లో ఉంది. ఆయన పెళ్లి ఫొటో చూడని నర్సులు ఉన్నారు గానీ, గొట్టం ఫొటో చూడనివాళ్లు లేరు.

పది వారాల్లో బుచ్చవ్వకు మూడుసార్లు చలిజ్వరం వచ్చింది. మూడుసార్లూ రక్తంలో అదే శిలీంధ్రం. కిరీటి దాన్ని ల్యాబులో, గాజు పళ్లెంలో, నీళ్లలో పెంచి మందు కలిపి చూశాడు. ఒక్క రోజులో మొత్తం చచ్చింది. ఆ ధైర్యంతో కొన్నాళ్లు సూదిమందు ఇచ్చి, గోలీలు రాసి ఇంటికి పంపేవాడు. జ్వరం పోయేది. గోలీలు అయిపోయిన వారానికి తిరిగొచ్చేది.

రెండోసారి వచ్చినప్పుడే సుగుణమ్మ సిస్టర్ మెల్లగా అంది, "గొట్టం తీసేసి చూద్దామా సార్?"

"అది పెట్టడానికి ఎంత కష్టపడ్డానో మీకు తెలుసా సిస్టర్?"

"తెలుసు సార్. ఫొటో చూశాను."

"తీస్తే మళ్లీ ఎక్కడ పెట్టాలి? నరమేదీ? గొట్టం బ్రహ్మాండంగా ఉంది. రక్తం ధారగా వస్తోంది. మందు పనిచేస్తోంది. తేడా ఏదైనా ఉంటే వాళ్లింట్లో ఉంది."

మూడోసారి జ్వరంతో వచ్చిన శుక్రవారం నాడు, వరండాలో పదిమంది చూస్తుండగా, కిరీటి బాలనర్సును నిలబెట్టి అడిగాడు.

"గోలీలు వేశావా?"

"ఏసిన సారు."

"రోజూ?"

"రోజూ ఏసిన. పొద్దుగాల లేవంగనే."

"అబద్ధం. వేసి ఉంటే తగ్గేది. ఆ కల్లు చేతులతోనే గొట్టం ముట్టుకుని ఉంటావు. అవునా?"

కల్లు చేతులు అన్న మాటకు వరండా మొత్తం ఇటు తిరిగింది. బాలనర్సు సంచి విప్పి ఒక సన్నటి తాడు బయటికి తీశాడు. చెట్టెక్కే మోకు పేనగా మిగిలిన తాడు. దానికి ఖాళీ అయిన గోలీల అట్టలు వరసగా గుచ్చి ఉన్నాయి, బంతిపూలు గుచ్చినట్టు.

"నాకు సదువు రాదు సారు. మర్శిపోతనేమో అని, ఒక్కో అట్ట అయిపోంగనే గుచ్చిన. సూస్కో. ఒక్కటి తక్కువున్నా నన్ను అను. నా చేతులనెందుకంటవ్? ముప్పై ఏండ్ల సంది ఈ చేతులు మోకు వట్టినయ్. ఒక్కనాడు జారలే. నువ్విచ్చిన గోలీ జారిందంటవా?"

"అట్టలు ఖాళీ చేయడం ఎంతసేపు?" అన్నాడు కిరీటి.

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. దించుకోవలసిన తల వాళ్లది కాదు. కానీ ఆసుపత్రుల్లో తలలు దించుకునే డ్యూటీ ఎప్పుడూ బెంచీల మీద కూర్చున్నవాళ్లదే.

తలుపు పక్క మంచం మీద నుంచి బుచ్చవ్వ దుప్పట్లో వణుకుతూ, "నువ్వు ఊకోయ్యా. ఆ సారుకు గూడ జరమొచ్చినట్టుంది" అంది.

కిరీటి విసవిసా వెళ్లి కేసు షీటులో రాశాడు: "రోగి కుటుంబం మందులు సరిగా వాడలేదు."

ట్రస్టుకు ఒక నియమం ఉంది. మందులు సరిగా వాడనివాళ్ల డయాలసిస్ కుర్చీని వరసలో ఉన్న మరొకరికి ఇచ్చేస్తారు. సోమవారం కమిటీ కూర్చుంటుంది. కాగితం కింద ల్యాబు పెద్దగా మొహియుద్దీన్ సారు సంతకం ఉంటే చాలు. కుర్చీ పోతే బుచ్చవ్వ పది పదిహేను రోజులకు మించి బతకదు. ఆ సంగతి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు కాబట్టి కిరీటి రాయలేదు.

మొహియుద్దీన్ సారు కాగితం రెండుసార్లు చదివాడు.

"మందు పనిచేసిందంటావు."

"పళ్లెంలో ఒక్కటి మిగల్లేదు సార్. మీరూ చూశారు."

"చూశాను. పళ్లెంలో అవి ఈదుతున్నాయి."

"అంటే సార్?"

"ఏం లేదు బేటా." కాగితం పేపర్ వెయిట్ కింద పెట్టి, కిటికీలోంచి కేకేశాడు. "గౌడ్ సాబ్! మీ ఇంట్లో పాత లొట్టి ఉందా? బాగా పాతది?"

కల్లు పట్టే మట్టికుండను అక్కడ లొట్టి అంటారు. చెట్టు నుంచి దిగిన తియ్యటి నీర అందులో పులిసి కల్లవుతుంది; పులియబెట్టేదీ ఒక రకం శిలీంధ్రమే. బాలనర్సు కోపంలో ఉన్నా, లొట్టి మాట వచ్చేసరికి గొంతు కొంచెం మెత్తబడింది. "పదకొండేండ్లది ఉంది సార్. అండ్ల ఏ చెట్టుది వోసినా మస్తు కల్లయితది."

"రేపు పొద్దున ఖాళీగా పట్టుకురా. దాంతోపాటు అప్పుడే దించిన తియ్యటి నీర."

తర్వాత కిరీటి వైపు తిరిగాడు. "ఆ లొట్టి నువ్వు కడుగు. సబ్బు, నీళ్లు, నీ మందు, ఏదైనా సరే. మంట మాత్రం పెట్టకు. ఇక శుభ్రమైంది అని నువ్వే చెప్పాలి. అందులో నీర పోద్దాం. ఆదివారం పొద్దుటికి తియ్యగా ఉంటే సంతకం పెడతాను."

కిరీటి ముఖం ఎర్రబడింది. "సార్, నేను కల్లుకుండ కడగాలా?"

"కల్లు చేతులు వద్దన్నావు కదా. నీ చేతులతోనే కడుగు."

శనివారం ల్యాబు వెనక కుళాయి దగ్గర గోల్డ్ మెడల్ డాక్టరు గొంతుక్కూర్చుని లొట్టి తోమడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆసుపత్రిలో ప్రతి ఒక్కరికీ ల్యాబు వెనక ఏదో ఒక పని పడింది. సుగుణమ్మ మూడుసార్లు వచ్చింది. మూడోసారి, "కొబ్బరి పీచు తెమ్మంటారా సార్?" అని కూడా అడిగింది. కిరీటి ఆమె వైపు చూసిన చూపుకు మామూలు మనిషైతే సెలవు పెట్టేది. సుగుణమ్మ పీచు తెచ్చింది.

ఆయన కోపమంతా చేతుల్లోకి వచ్చింది. వేడినీళ్లతో తోమాడు. సబ్బుతో తోమాడు. లోపలికి మోచేయి దాకా చెయ్యి పెట్టి బ్రష్షుతో తిప్పాడు. ఆ మీదట బుచ్చవ్వకు ఇచ్చే మందే నీళ్లలో కలిపి, నిండా పోసి, రెండు గంటలు ఉంచాడు. పారబోసి, పదిసార్లు తొలిచాడు. పదోసారి నీళ్లు ఒక చుక్క తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"చూడండి సార్. ఒక్కటంటే ఒక్కటి లేదు."

సారు చూశాడు. "నీళ్లు శుభ్రంగా ఉన్నాయి."

కిరీటి దాన్ని మెప్పుగా తీసుకున్నాడు. నీర తనే కాచి చల్లార్చాడు. సగం లొట్టిలో, సగం శుభ్రంగా ఉడికించిన గాజు సీసాలో పోసి, రెంటికీ గుడ్డ కట్టాడు.

"నీరలోనే ఏదో ఉందని రేపు మీరు అనకూడదు సార్."

"అనను."

ఆదివారం పొద్దున తలుపు తీయగానే వాసన కొట్టింది. లొట్టి మీద గుడ్డ ఉబ్బి, అంచుల్లోంచి నురగ కారుతోంది. పక్కనే గాజు సీసా కదలకుండా ఉంది. సారు చెంచాతో సీసాలోది కొంచెం కిరీటి నోట్లో పోశాడు. తియ్యగా ఉంది. లొట్టిలోది రుచి చూడమని బాలనర్సును పిలిచి ఇచ్చాడు.

"మంచిగ పులిసింది సార్," అన్నాడు బాలనర్సు. "మా లొట్టి రుచే."

"అసాధ్యం!" కిరీటి అరిచాడు. "గాలిలోంచి పడి ఉంటుంది."

"సీసా కూడా ఆ గాలిలోనే ఉంది."

"మందు పోశాను సార్! రెండు గంటలు! బుచ్చవ్వకు ఇచ్చినదానికి పదింతలు! పదిసార్లు తొలిచాను. ఇంకేం చేయాలి దీనికి?"

శుక్రవారం నుంచి బాలనర్సు మీద ఉన్న కోపమంతా ఇప్పుడు లొట్టి మీదికి మళ్లింది. మందులు సరిగా వాడలేదని దాని మీద రాయడానికి కుదరలేదు. వాడింది తనే.

సారు లొట్టిలోది పారబోశాడు. లొట్టిని రెండు చేతులా ఎత్తి, బండ మీద వదిలేశాడు.

"అయ్యో సారూ!" అన్నాడు బాలనర్సు.

సారు ఒక పెంకు ఏరి కిరీటి చేతిలో పెట్టాడు. కిరీటి లోపలివైపు గోరుతో గీశాడు. గోరు కింద సన్నటి జిగురు పొర లేచింది. పొయ్యి దగ్గర అన్నం గంజి ఎండి, మళ్లీ తడిసినట్టుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి వంగాడు. చాలాసేపు లేవలేదు. నీళ్లలో ఒక్కటి కూడా లేనివి, ఇక్కడ ఒకదాని మీద ఒకటి గుంపులు కట్టి, ఆ జిగురునే దుప్పటిలా కప్పుకుని, ఏమీ జరగనట్టు బతికి ఉన్నాయి.

వెనక నుంచి సారు గొంతు వినిపించింది. ఆయన మాట్లాడుతున్నది కిరీటితో కాదు.

"గౌడ్ సాబ్, తియ్యటి నీర కావాలంటే ఏం చేస్తారు?"

"ఇసొంటి లొట్టి కట్టం సార్. కొత్తది కడతం, సున్నం వూసి."

"పాతదే బాగా కడిగితే?"

"కడిగినోని చేతులు సాఫయితయ్."

"పదకొండేళ్ల లొట్టి. పగలగొట్టానని బాధ లేదా?"

బాలనర్సు పెంకుల వైపు చూశాడు. "ఎందుకుండదు సార్? అసొంటిది మల్ల దొర్కదు. గని లొట్టి మీద పానం వెట్టుకుంటే, తియ్యటిదెట్లొస్తది?"

కిరీటి మైక్రోస్కోపు దగ్గర నుంచి లేచాడు. జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫొటో చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకుని వార్డులోకి నడిచాడు.

"సిస్టర్, ట్రే తీసుకురండి."

"దేనికి సార్?"

"గొట్టం తీయడానికి."

ఆ ట్రే నెల రోజులుగా సిద్ధంగానే ఉంది. ఆ మాట సుగుణమ్మ అప్పుడు అనలేదు. తర్వాత ఊళ్లో అందరితో అంది.

బుచ్చవ్వ తన మెడ మీద చెయ్యి పెట్టుకుని, "మల్ల ఏడ వెడతవు సారూ?" అని అడిగింది.

"రెండు మూడు రోజులు ఆగి, తొడ దగ్గర చూస్తాను."

"ఆడ దొర్కకపోతే?"

"దొరికేదాకా వెతుకుతానమ్మా."

తీసిన గొట్టం కొసను ఒక ముక్క కోసి, లోపలి వైపు గీకి, కిరీటి తనే మైక్రోస్కోపు కింద పెట్టాడు. చూశాడు. పెంకును చూశాడు. మళ్లీ గొట్టాన్ని చూశాడు. రెంటిలోనూ అదే జిగురు దుప్పటి. సారు ఏం కనపడిందని అడగలేదు. పేపర్ వెయిట్ కింద నుంచి కాగితం లాగి కిరీటి ముందుకు జరిపాడు.

కిరీటి తను రాసిన వాక్యం మీద గీత కొట్టాడు. కింద ఇంకో వాక్యం రాశాడు: "గొట్టం మొదటి జ్వరానికే తీయవలసింది. తీయనిది నేను."

సారు కళ్లజోడు సర్దుకుని, దాని కింద సంతకం పెట్టాడు.

నాలుగో రోజు తొడ దగ్గర కొత్త గొట్టం దిగింది. ఈసారి ఎవరూ ఫొటో తీయలేదు. మందు అదే, గోలీలు అవే. అవి అయిపోయి వారం దాటింది, రెండు వారాలు దాటాయి, నెల దాటింది. బుచ్చవ్వ తన కుర్చీలో తను కూర్చుని, పక్క కుర్చీవాళ్ల కోడళ్ల గురించి మాట్లాడేంత కోలుకుంది.

ఒక డయాలసిస్ రోజున కిరీటి వరండాలోకి వచ్చి బాలనర్సు ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. "ఆ రోజు నీ చేతుల గురించి..." అని అక్కడే ఆగిపోయాడు. అంత చదువులోనూ ఆ వాక్యం ఎలా పూర్తి చేయాలో ఎవరూ నేర్పినట్టు లేదు.

బాలనర్సు సంచి సర్దుకున్నాడు. సాయం చేయలేదు.

"ఆ అట్టల దండ ఉందా?" అన్నాడు కిరీటి చివరికి.

"ఉంది. ఇంక రెండు అట్టలు గుచ్చిన. లెక్క జూస్తవా?"

"వద్దు. నాకిస్తావా?"

బాలనర్సు ఆయన్ను ఎగాదిగా చూసి, సంచిలోంచి తీసి చేతిలో పెట్టాడు.

కిరీటి దాన్ని ల్యాబులోకి తీసుకెళ్లి, మైక్రోస్కోపుకు ఎదురుగా, తను కూర్చుని తలెత్తితే కనపడే చోట గోడకు మేకు కొడుతున్నాడు. మొహియుద్దీన్ సారు లోపలికొచ్చాడు. దండను చూశాడు, మేకును చూశాడు.

"గట్టిగా కొట్టు బేటా. చాలా ఏళ్లు ఉండాలి."