సీతాఫలం కళ్ళు

"గురువుగారూ, గోళానికి మూలల్లేవు, అంచుల్లేవు. దాని లోపల ఎంత పడుతుందో చెప్పే సూత్రంలోకి ఆ మూడో వంతు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అని అడిగేశాడు చెన్నమల్లు.

అడక్క ఏం చేస్తాడు పాపం! ఆ గురుకులంలో ఓ కట్టుబాటుంది. చదువు ముగించినవాడు కొత్త విద్యార్థులకు ఒక పాఠం చెప్పి ఒప్పించాలి. అప్పుడే పంతులుగా బయటికి పంపుతారు. మల్లు వంతుకు గోళం వచ్చింది. పాఠం మర్నాడే. సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు గానీ, దానిమీద నమ్మకం గోరంత లేదు. నమ్మని మాట పిల్లలకు చెప్పేకన్నా చదువొదిలేసి ఇంటికి పోవడమే మేలని అతని మొండిపట్టు.

గురువు అహోబలాచార్యులవారు మాటకు మాట బదులిచ్చే మనిషి కాదు. గంపలోంచి గుండ్రంగా, బాగా మాగిన సీతాఫలం ఒకటి ఏరి మల్లు చేతిలో పెట్టారు.

మల్లు పండు విప్పి గబగబా గింజలు లెక్కపెట్టబోయాడు. లెక్కల బడిలో ఏది చేతికిచ్చినా లెక్కపెట్టేస్తారు, అదో జబ్బు!

"గింజలొదిలెయ్‌రా నాయనా. తొన చూడు."

చూశాడు. తొక్క దగ్గర వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం, చివర మొన. పక్క తొనా అంతే. మొనలన్నీ నడిమికే చేరుతున్నాయి. మొన తేలిన ఆకారంలో, అదే అడుగూ అదే ఎత్తూ ఉన్న పెట్టెలో పట్టేదాంట్లో మూడో వంతే పడుతుందని తొలి ఏడే ఇసుక పోసి చూశాడు కదా!

"ఓరి దేవుడా, ఇదా!" అని ఎగిరి గంతేశాడు. "తొనల ఎత్తులన్నీ వ్యాసార్ధమే. అడుగులన్నీ కలిపితే తొక్క! తొక్క వైశాల్యాన్ని వ్యాసార్ధంతో హెచ్చించి మూడో వంతు తీస్తే గోళమంతా వచ్చేసినట్టే! ఆ తొక్క, గోళాన్ని సరిగ్గా సగానికి కోస్తే కనబడే నడిమి వృత్తాలు నాలుగంత ఉంటుందని మీరు నిరుడే చూపించారు. సరిపోయింది గురువుగారూ, సూత్రం అచ్చంగా సరిపోయింది!"

చేతుల నిండా గుజ్జు, కళ్ళ నిండా నీళ్ళు. ఆ సంతోషంలో బయటికి పరుగెత్తబోయి గుమ్మంలోనే ఆగిపోయాడు. మొహం వాడిపోయింది.

"తొన అడుగు చదునుగా లేదే! తొక్కమీద ప్రతి కన్నూ ఉబ్బి ఉంది. రేపు ఎవరైనా అడిగితే?"

గురువుగారి ముఖం అంతగా వెలగడం మల్లు ఎన్నడూ చూడలేదు.

"పాఠం నువ్వే చెబుతావు, పో. కన్ను ఎంత చిన్నదైతే ఉబ్బు అంత తక్కువ. అడిగినవాణ్ణి ఇంతకన్నా చిన్న కళ్ళ పండు వెతుక్కురమ్మను. తెచ్చాక, ఇంకా చిన్నది."